తొలి నెగడుకు ముందు

తెలుగుదేశములో చాలభాగమునకు వానకాలము వేరు, చలికాలము వేరు. ఆ రెంటి నడుమ శరత్తు అను నిర్మలమైన విరామమొకటి కలదు. ఆషాఢ శ్రావణములలో కురిసిన వాన భాద్రపదాంతమునకు వెనుదీసి, నేల ఆరి, గడ్డివామి ఆరి, దొడ్డిలోని కట్టె ఆరి, అంతయు పొడిబారిన పిమ్మటగాని చలి రాదు. నెల్లూరు సీమకు ఆ వెసులుబాటు లేదు. అచ్చట ఆశ్వయుజము నడిమికి ఈశాన్య ఋతుపవనము ప్రవేశించి, బంగాళాఖాతపు వాయుగుండములను వెంటబెట్టుకొని వచ్చి, ఏడాది వానలో సగమునకు పైబడిన భాగమును అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలోనే కుమ్మరించి పోవును. వాన వెలిసిన మరునాడో ఆ మరునాడో చలి దిగును. కనుక ఆ సీమవారు చలిమంటకు కట్టె వెదకుకొనునప్పటికి కంటికి కనబడిన కట్టెయంతయు తడిసి యుండును. తొలి నెగడు వేయుటకు ఒక పూట చాలును గాని, దానికి కావలసిన కట్టెను సిద్ధపరచుటకు ఇంచుమించు పది నెలలు పట్టును. ఆ పది నెలలలో కట్టెకు నీటికి నడుచు వ్యవహారమే ఈ అధ్యాయమునకు విషయము.

జిల్లా పడమటి మెట్టలో, ఆత్మకూరుకు చేరువగా ఉన్న అనుమసముద్రంపేటను లోకము ఏ.ఎస్.పేట అను పొట్టిపేరుతో ఎరుగును. ఖాజా నాయబ్ రసూల్ దర్గాను దర్శింప వచ్చు యాత్రికుల మూలమున ఆ పేరు పొరుగు రాష్ట్రములకును పాకినది. అక్కడినుండి పడమరకు పోను పోను నేల రాతినేలయై, చెట్లు కంపలై, తుదకు కడపసీమకు నెల్లూరుసీమకు ఎల్లగా నిలిచిన వెలిగొండలు కనబడును. ఆ దిక్కుననే ఉదయగిరి దుర్గము 3,079 అడుగుల ఎత్తున ఉన్నది. సముద్రతీరమువారికి చలియనగా తెల్లవారుజామున కప్పుకొను దుప్పటి మాత్రమే. మెట్టవారికి అది మంట వేసుకొనవలసిన చలి. ఉష్ణమాపకము చూపు అంకెను బట్టి చూచినచో అదియు పెద్ద చలి కాదు. అయినను వేసవిలో నలుబది డిగ్రీలు దాటిన ఎండకు అలవడిన దేహమునకు, పలుచని నూలుబట్టకు, నాలుగు దిక్కుల గాలి ఆడు వసారాకు, పదునేడు పదునెనిమిది డిగ్రీలే చాలును. ఆవులకు గడ్డివేయుటకు కోడికూత వేళకే లేచువానిని, రాత్రి చేనికాపలా ఉండువానిని, నెలబిడ్డను ఒడిలో పెట్టుకొన్న తల్లిని ఆ చలి పట్టి కుదుపును.

తొలి చలి ఏ రాత్రి దిగునో మెట్టరైతు పొద్దుగ్రుంకువేళ ఆకాశమును చూచి చెప్పగలడు. మబ్బు పట్టియున్నంతకాలము, ముసురు ఎన్నినాళ్లు కురిసినను, రాత్రులు అంత చల్లబడవు. తూర్పున మబ్బు విడిపోయి, చుక్కలు చిక్కగా కనబడిన తొలిరాత్రి, నాలుగవ జామున దుప్పటి చాలక మెలకువ వచ్చును. కారణమేమనగా, భూమి పగలంతయు గ్రహించిన వేడిమిని రాత్రివేళ కంటికి కనబడని పరారుణ కిరణముల రూపమున ఆకాశములోనికి వెదజల్లుచుండును. మేఘములును, గాలిలోని నీటియావిరియు ఆ కిరణములను పట్టి, వానిలో పెద్దభాగమును మరల నేలకే పంపును. మేఘము తొలగి, గాలి పొడిబారి, రాత్రి దీర్ఘమైనప్పుడు ఆ వేడిమికి అడ్డుపడువారు లేరు. నేల చల్లబడును, నేలనంటిన గాలి చల్లబడును, చల్లబడి బరువెక్కిన గాలి కొండవాలులవెంట మెల్లగా జారి దిగువ పల్లెలలో నిలుచును. రాత్రి చల్లబడుటకు ఆకాశమునకు గల ఈ సంబంధమును లండనులోని వైద్యుడు విలియం చార్లెస్ వెల్స్ ఎంతో ఓపికతో పరీక్షించి చూచెను. ఆయన రాత్రులు తోటలో మేలుకొని, సమానమైన తూకముగల ఉన్నిపింజలను కొన్నింటిని ఆరుబయలను, కొన్నింటిని పలక మరుగునను ఉంచి, తెల్లవారిన పిమ్మట ఏది ఎంత మంచును పట్టెనో తూచి, 1814లో మంచును గూర్చిన తన గ్రంథమును ప్రకటించెను. ఆకాశమునకు ఎదురుగా ఉన్న పింజ ఎక్కువ చల్లబడి ఎక్కువ మంచును గ్రహించెను. మరుగుననున్నది తక్కువ గ్రహించెను. పందిరిక్రింద పడుకొన్నవానికి ఆరుబయట పడుకొన్నవానికంటె చలి తక్కువగుట మనవారందరు ఎరిగినదే; దానికి కారణమును తూకముతో చూపిన ఖ్యాతి వెల్స్‌ది.

అన్నినాళ్లు చలిని అడ్డగించిన నీరే కట్టెను తడిపినది. అది గాలినుండి తొలగిపోయిన రాత్రి మనకు ఒకవంక చలియు, ఒకవంక తడికట్టెయు మిగులును. ఇప్పుడు ఆ కట్టె సంగతి చూతము.

ఏ చెట్టు కొమ్మనైనను అడ్డముగా నున్నగా కోసి, కోసిన ముఖమును భూతద్దముతో చూచినచో, సన్నని గొట్టములను దగ్గరగా చేర్చి కట్టగట్టినట్లు కనబడును. బ్రతికియున్న చెట్టులో ఆ గొట్టములవెంట వేరునుండి ఆకునకు నీరు ప్రవహించుచుండును. కొమ్మను నరికిన మాత్రమున ఆ నీరు పోదు. అప్పుడే నరికిన కట్టె బరువులో మూడవ వంతు మొదలు సగమువరకు నీరే యుండును. పది కిలోల పచ్చికట్టెల మోపును తలకెత్తుకొన్న ఆడుది అందులో మూడు నాలుగు కిలోల నీటిని గూడ మోసుకొని వచ్చుచున్నదన్నమాట. ఈ నీరు రెండు విధములుగా ఉండును. గొట్టముల లోపలి ఖాళీలో నిలిచినది స్వేచ్ఛాజలము; అది త్వరగా పోవును. గొట్టముల గోడలలోనే, అనగా సెల్యులోసు నారలలోనే, ఇమిడియున్నది బద్ధజలము; దానిని కట్టె అంత సులువుగా విడువదు. మొదటిది పూర్తిగా పోయి రెండవది మాత్రము నిండుగా మిగిలిన స్థితిలో, పొడికట్టె బరువుతో పోల్చినచో నూటికి 30 పాళ్ల నీరుండునని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. అంతవరకు కట్టె పరిమాణము మారదు. అది దాటి ఆరుట మొదలైనప్పుడే కట్టె ముడుచుకొనును, పగులును.

ఆ పగుళ్లను ఒకసారి దగ్గరగా చూడవలెను. ఎండుకట్టె చివరిముఖమున పగుళ్లు నడుమనుండి అంచువైపునకు బండి ఆకులవలె సాగియుండును గాని, చుట్టును వలయాకారముగా పోవు. కట్టె అన్ని దిక్కుల ఒకేతీరున ముడుచుకొనకపోవుటయే దీనికి హేతువు. వలయములవెంబడి కలుగు సంకోచము, నడుమనుండి అంచునకు కలుగు సంకోచమునకు ఇంచుమించు రెట్టింపు. ఆ బిగువునకు తాళలేక కట్టె అంచునుండి నడుమకు చీలును. ఉదయగిరిలో కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కు పనివారు కలరు; కొండలలో దొరకు నర్ది, బిక్కి మొదలగు కట్టెలను చిన్న చిన్న పనిముట్లతో నునుపుగా మలచి, పూలపిడులు తీర్చి, దేశమంతటికి పంపుదురు. వారికి ఈ పగులు పరమశత్రువు. ఒక్క చీలిక కనబడినచో ఆ చెక్క పనికిరాదు. పొయ్యిలో పెట్టుకొనువానికి అదే పగులు శుభసూచకము. లోపలి నీరు వెలికి వచ్చినదని అది చెప్పుచున్నది, రేపు నిప్పు లోనికి చొరుటకు త్రోవయు చూపుచున్నది.

నీరు కట్టె పొడవువెంట పోవునంత త్వరగా అడ్డముగా పోజాలదు. ఆ రెండు వేగములకు పది పదునైదు రెట్ల భేదము కలదు. బెరడు ఉన్న చోట అసలే పోదనవచ్చును. నిలువు మొద్దును అట్లే పారవేసినచో ఏడాదికైనను దాని గర్భము ఆరకుండుటయు, అదే మొద్దును మూరెడు తుండెములుగా కోసి, గొడ్డలితో నాలుగు పేళ్లుగా చీల్చినచో ఒక్క వేసవిలో కణకణ ఎండుటయు ఇందువలననే. కట్టెలు కొట్టువాని చెమటలో సగము ఈ సూత్రమునకే వ్యయమగుచున్నది. పొయ్యిలో పట్టుటకే చీల్చుదుమని మనము తలంతుము. నీటికి పొట్టిత్రోవ చూపుట దానికంటె ముఖ్యమైన ప్రయోజనము.

తడికట్టె మంటను ఎట్లు చెరచును? బొత్తిగా ఆరిన కట్టె ఒక కిలో పూర్తిగా మండినచో సుమారు 4,500 కిలోకాలరీల వేడిమి పుట్టును. పచ్చికట్టె ఒక కిలోలో సగము నీరనుకొందము. మండు పదార్థము అరకిలోయే గనుక పుట్టు వేడిమి 2,250. అరకిలో నీటిని మరుగుస్థానమునకు తెచ్చి ఆవిరి చేయుటకు 300కు కొంచెము పైబడిన వేడిమి పట్టును. అనగా నష్టము ఏడవ వంతు. ఇంతమాత్రమునకే పచ్చికట్టెను ఇంతగా దూషింపనేల యని తోచవచ్చును. కాని నిప్పు విషయమున వేడిమి మొత్తమునకంటె వేడిమి తీవ్రత ముఖ్యము. కట్టెలో ఒక భాగమున నీరున్నంతవరకు ఆ భాగము 100 డిగ్రీలు దాటి వేడెక్కదు. కట్టెలోని పదార్థము విడిపోయి మండెడు వాయువులను ఈనుటకు 200 డిగ్రీలు దాటవలెను. ఆ వాయువులు చక్కగా అంటుకొనుటకు ఇంకను ఎక్కువ కావలెను. నీరు ఆవిరియగుచు చుట్టుపట్ల నిప్పును చల్లార్చుచుండగా, వాయువులు పుట్టియు మండకయే పైకి పోవును. అట్లు మండకపోయిన వాయువులే పొగ. కంటిని మండించి, గొంతును పట్టి, చూరును నల్లబరచు ఆ పొగ నిజమునకు మనము కొట్టి, మోసి, ఎండబెట్టిన కట్టెయే. దాని వేడిమి మనకు దక్కక గాలిపాలగుచున్నది. నీటిని ఆవిరిచేయుటలో పోయినది ఏడవ వంతే యైనను, పొగలో పోవునది దానికి ఎన్నో రెట్లు.

ఇందువలననే పడమటి మెట్టలో తొలి నెగడుకు కట్టె కూర్చుట మాఘ ఫాల్గుణములందే మొదలగును. అప్పటికి చేలపని తగ్గును, ఆకు రాలును, కంపలోనికి పోవుటకు త్రోవ చిక్కును. నరికిన కట్టె చైత్ర వైశాఖములలో ఆరుబయట పడియుండును. రోహిణి ఎండలకు రోళ్లు పగులునని సామెత. మే నెల చివరివారము, జూన్ మొదటివారము నడుమ వచ్చు ఆ కార్తె ఎండలో, గాలి తేమ తగ్గి, పడమటిగాలి వీచుచుండగా, కట్టె తన బద్ధజలమును గూడ విడిచిపెట్టును. ఆ ఎండ మనుష్యులను బాధించినను, మార్గశిరపు మంట అక్కడనే సగము సిద్ధమగుచున్నది. పిమ్మట అక్టోబరు చివర స్వాతికార్తె వచ్చులోపల దానిని చూరుక్రిందికి చేర్చవలెను.

చూరుక్రిందికి చేర్చిన మాత్రమున కట్టె భద్రమా? గాలిలోని తేమను అది మరల పీల్చుకొనదా? పీల్చుకొనును, కాని దానికొక మేర కలదు. కట్టెయు గాలియు ఎల్లప్పుడు ఒక సమతను వెదకుచుండును. గాలిలో తేమ నూటికి 40 పాళ్లున్నప్పుడు కట్టె తన పొడిబరువులో 7, 8 పాళ్ల నీటితో నిలుచును. ముసురుపట్టి తేమ 85 పాళ్లకు పెరిగినప్పుడు 18 పాళ్లవరకు గ్రహించును. చక్కగా మండుటకు కట్టెలో నీరు 20 పాళ్లకు మించకుండిన చాలును గనుక, గాలితేమ యొక్కటే కట్టెను చెరుపజాలదు. చెరుపునవి రెండు: పైనుండి పడు చినుకు, క్రిందినుండి ఎక్కు చెమ్మ. కనుక ఎరిగినవారు నేలపై రెండు వరుసలుగా రాళ్లు పరచి, వానిపై మొద్దులను అడ్డముగా వేసి, ఆపైన పేళ్లను కోసిన ముఖములు గాలికి ఎదురుగా ఉండునట్లు పేర్తురు. బెరడు ఉన్న పేళ్లను బెరడు పైకి వచ్చునట్లు వేయుదురు. పైన రేకో, తాటాకో, పాత పట్టయో కప్పుదురు గాని ప్రక్కలు మూయరు. నలువైపుల ప్లాస్టిక్ పట్టతో బిగించి కప్పుట ఈనాటి అలవాటు. అది మంచిది కాదు. పగటివేడికి కట్టెనుండి లేచిన ఆవిరి పట్టక్రింద బొట్లుగా పేరుకొని మరల కట్టెమీదనే పడును, వారమునకు బూజు పట్టును.

కట్టె ఆరినదో లేదో తెలిసికొనుటకు యంత్రమక్కరలేదు. రెండు పేళ్లను చేతబట్టి ఒకదానితో ఒకదానిని కొట్టవలెను. ఎండినది ఖంగున మ్రోగును, తడిది బొద్దుగా పలుకును. గొట్టములలో నీరు నిండియున్నప్పుడు కంపనము త్వరగా అణగిపోవుటయే ఈ భేదమునకు కారణము. కట్టెల అడితిలో మోపు కొనునప్పుడు ముసలివారు ఇట్లు తట్టి చూచి బేరమాడుట నాకు ఎంతయు ముచ్చట గొల్పును; ఆ చెవి ఒక జీవితకాలపు పరిశీలనచే ఏర్పడినది.

ఇక ఏ కట్టె? నల్లతుమ్మ, వేప, చింత ఉన్నంతలో మంచివే. కాని నేడు ఆ సీమలో నెగడునకైనను, పొయ్యికైనను, బొగ్గుబట్టీకైనను ఎక్కువగా వచ్చునది చిల్లకంప. కొందరు సర్కారుతుమ్మ యందురు. చెరువుకట్టలను, బీళ్లను, వాగుల ఒడ్డులను అది ఆక్రమించిన తీరు చూచి అనాదినుండి ఇచ్చటిదే యని పిల్లలు అనుకొందురు. నిజమునకు అది అమెరికాఖండపు చెట్టు. మద్రాసు రాజధాని అడవుల అధికారిగానుండిన రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ అను ఆంగ్లేయుడు జమైకా దీవినుండి విత్తులు తెప్పింపగా, 1877 ప్రాంతమున కడప జిల్లాలోని కమలాపురమున దానిని నాటిరి. వెలిగొండలకు ఆవలిప్రక్క అన్నమాట. కరవుసీమకు వంటచెరకు కావలెనని తెచ్చిన చెట్టు, కోరినదానికంటె ఎంతో ఎక్కువగా ఇచ్చినది, కోరని చోటులను గూడ ఎక్కినది. రైతునకు అది పొలమును మింగు దయ్యము. నిప్పును ఎరిగినవానికి అది దట్టమైన, చేవగల, ఎక్కువసేపు నిలుచు కణకణలాడు బొగ్గునిచ్చు కట్టె. ఈ రెండు మాటలును నిజమే. నా మట్టుకు నాకు దానిని పెరికివేయుడని చెప్పుటకంటె, పెరికినదానిని వృథాపుచ్చక వాడుడని చెప్పుట సబబుగా తోచును. దీనికి దగ్గరి చుట్టము మన జమ్మి. విజయదశమినాడు పూజలందుకొను ఆ చెట్టులో అగ్ని గర్భస్థమై యున్నదని మన పూర్వులు భావించిరి; జమ్మిని ఆశ్రయించి పెరిగిన రావికొమ్మతో యజ్ఞమునకు అరణి చేయుట శ్రౌతసంప్రదాయము. కట్టెను కట్టెతో మథించి నిప్పు పుట్టింపవలసినవానికి పొడికట్టె విలువ ఎవరును చెప్పనక్కరలేదు.

కట్టె చూరుక్రింద ఉన్నది, చలి ఇంకను రాలేదు. ఈ నిరీక్షణకాలము ఏటేటా ఒకేతీరున ఉండదు. ఒక ఏడు కార్తికపూర్ణిమ దాటగనే ఆకాశము తేటపడును. ఒక ఏడు డిసెంబరు వచ్చినను వాయుగుండములు విడువవు. 2023 డిసెంబరు మొదటివారమున మిచౌంగ్ తుపాను నెల్లూరు తీరమును ఒరసికొనుచు పోయి బాపట్లకు చేరువగా తీరము దాటినది, ఆ నాళ్లలో మెట్టలో సైతము కట్టెలమోపు విప్పుటకు వీలు లేకపోయినది. పుష్యమాసములో పూసగుచ్చ పొద్దుండదందురు. పగలు అంతగా కురచబడి, రాత్రి అంతగా పొడవైనప్పుడు, తడిసిన నేల ఆరుటకును ఎండ చాలదు. పిల్లలకు మాత్రము ఈ నిరీక్షణ ఒక పండుగ. చిదుగులు ఏరి తెచ్చుట, రాలిన తాటిమట్టలను ఈడ్చుకొని వచ్చుట, కందికంపను చిన్నకట్టలుగా విరుచుట వారి పని. నెగడు ఎవరి వాకిట వేయవలెనను తగవు గూడ వారిదే.

తుదకు ఆ వేకువ వచ్చును. నాలుగు పిడికిళ్ల ఎండుతాటాకు, దానిపై చిదుగులు, దానిపై కందికంప, ఆ చుట్టు గోపురముగా నిలిపిన సన్నపేళ్లు, వానిపై దిట్టమైన చిల్లమొద్దులు రెండో మూడో. ఈ వరుస యాదృచ్ఛికము కాదు. పదార్థము సన్నబడినకొలది దాని బరువునకు ఉపరితలము ఎక్కువ. తాటాకు రేకు క్షణములో వేడెక్కి అంటుకొనును, మొద్దు తన వేడిమిని లోపలికి జారవిడుచుకొనుచు అంటుకొనుటకు చాలసేపు పట్టును. ఒక్క మొద్దు ఒంటరిగా మండదు. దాని వేడిమి నాలుగు దిక్కుల పోవును. రెండు మొద్దులను ఎదురెదురుగా, జానెడు ఎడముతో ఉంచినచో ఒకదాని వేడిమిని ఒకటి గ్రహించి రెండును మండును. ఆ నడిమి సందులోనే నెగడు ప్రాణమున్నది. వేడెక్కిన గాలి తేలికయై పైకి లేచును, దాని చోటికి చల్లనిగాలి క్రిందినుండి చొరబడును. మంట తన ఊపిరిని తానే తెచ్చుకొనును.

అప్పుడు కట్టెలలో ఏదైన ఆరనిది ఉన్నచో అది తన్ను తానే పట్టియిచ్చును. దాని నడుమ మంట తగులుచుండగా, దూరముననున్న కోసినముఖమునుండి నీరు బుడబుడ నురుగుగా వెలువడి, సన్నని కూతతో ఆవిరియగును. చెట్టు వేరునుండి ఆకునకు నీరు మోసిన గొట్టములలోనే, ఆవిరి తోపునకు, ఆ నీరు కడపటిసారి ప్రయాణము చేయుచున్నది. కట్టె వృక్షాంగమని పుస్తకములో చదువుకొన్న బాలునకు ఈ నురుగును చూపిన చాలును.

మంటయనగా కట్టె మండుట యని అందుము. మండునది కట్టె కాదు, కట్టెనుండి వెలువడు వాయువులు. 200 డిగ్రీలు దాటినప్పుడు కట్టెలోని హెమీసెల్యులోసు మొదట విచ్ఛిన్నమగును. 300 దాటిన పిమ్మట సెల్యులోసు. లిగ్నిను మెల్లమెల్లగా, కడదాక. ఈ విచ్ఛేదమున కట్టె బరువులో ముప్పాతిక భాగమువరకు వాయువులై పోవును, మిగిలినది బొగ్గు. మైకేల్ ఫారడే లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో 1860వ సంవత్సరపు క్రిస్మస్ సెలవులలో బాలబాలికలకు కొవ్వొత్తిని గూర్చి ఉపన్యాసములిచ్చినప్పుడు, మంట నడుమకు ఒక గాజుగొట్టమును చొనిపి, అందలి ఆవిరిని దూరమునకు తెచ్చి, గొట్టము ఆవలికొనను అంటించి చూపెను. దానిని మనము నెగడువద్దనే చూడవచ్చును. మండుచున్న పుల్లను ఊది ఆర్పి, దానినుండి లేచు తెల్లని పొగకు మంటకొనను సోకించినచో, మంట పొగవెంట దిగి వచ్చి పుల్లను మరల అంటుకొనుట ఒక్కొక్కప్పుడు జరుగును. మంటలోని పసుపువన్నె, ఇంకను కాలని అతిసూక్ష్మమైన మసికణములు వేడిచే ప్రకాశించుటవలన కలుగునది. ఆ కణములు పైకి పోవుచు కాలిపోయినచో వెలుగు మనకు దక్కును, కాలకపోయినచో చూరునకు మసి దక్కును. వాయువులు అయిపోయిన పిమ్మట బొగ్గు జ్వాలలేకయే ఎర్రగా కాలును. నెగడునకు పరమార్థము ఆ దశయే. చలి కాచుకొనువారు చేతులు చాచి దగ్గరకు జరుగునది అప్పుడే.

ఆ ఎర్రని నిప్పు మనలను వెచ్చబరచు రీతియు గమనింపదగినది. వేడిగాలియంతయు పైకి పోవుచున్నది; ఆరుబయటి నెగడులో పుట్టిన వేడిమిలో పెద్దభాగము అట్లు ఆకాశమునకే చెందును. మనకు చేరునది సూటిగా వచ్చు కిరణరూపమైన వేడిమి. వేడివస్తువు వెదజల్లు కిరణశక్తి దాని పరమోష్ణోగ్రతయొక్క నాలుగవ ఘాతమును అనుసరించునని ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు జోసెఫ్ స్టెఫాన్ 1879లో కనుగొనెను. నిప్పుకణిక ఉష్ణోగ్రత సుమారు 1,000 కెల్విన్లు, మన చర్మముది 306. మొదటిది రెండవదానికి మూడురెట్లకు పైచిలుకు మాత్రమే. కాని నాలుగవ ఘాతము వేసి చూచినచో, అంతే వైశాల్యముగల చర్మముకంటె నిప్పు నూటపదిరెట్లకు మించి వేడిమిని వెదజల్లుచున్నదని తేలును. అందుచేతనే రెండు దోసిళ్ల నిప్పులు ఆరేడుగురిని వెచ్చబరచగలవు. కిరణములు సూటిగా పోవును గనుక ముఖము కాలుచుండగా వీపు చలికి వణకును. ఎడము రెట్టింపైనచో అందు వేడిమి నాలుగవ వంతుకు పడిపోవును. వెనుక గోడ ఉన్నచోట నెగడు వేయుట తెలివైన పని. గోడ గాలిని ఆపును, వేడెక్కి వీపువంక తానును కొంత వేడిమిని వెదజల్లును.

ఇచ్చట ఒక మాట నొక్కి చెప్పవలసియున్నది. ఆరుబయట కూర్చుండి చలి కాచుకొనుట వేరు, కుంపటిలో నిప్పులు పోసి తలుపులు బిగించుకొని నిద్రించుట వేరు. గాలి చాలక కాలు బొగ్గు కార్బన్ మోనాక్సైడును పుట్టించును. దానికి రంగు లేదు, వాసన లేదు, నెత్తురులోని హీమోగ్లోబినును ఆక్సిజనుకంటె రెండువందల రెట్లకు మించిన పట్టుతో పట్టుకొనును. నిద్రలోనున్నవాడు మేలుకొనకయే పోవును. బాలింతల గదులలో కుంపటి పెట్టు ఇండ్లవారు ఒక కిటికీనైనను తెరచియుంచవలెనని నేను వేడుకొనుచున్నాను. అట్లే నెగడులోను, నెల తిరుగక వచ్చు భోగిమంటలోను, త్వరగా అంటుకొనునని పాతటైర్లు, ప్లాస్టిక్ సంచులు వేయుట మహాపాతకము. అందునుండి లేచు విషము, మంచుపట్టిన వేకువలో నేలనంటిన చల్లనిగాలి మూతక్రింద చిక్కుకొని, పైకి పోలేక, ఊరంతటి ఊపిరితిత్తులలోనికి పోవును. ఎండుకట్టె సిద్ధము చేసికొన్న ఇంటికి టైరుతో పనియేమున్నది?

1999లో దీపం, 2016లో ఉజ్జ్వల అను వంటగ్యాసు పథకములు వచ్చిన పిమ్మట పల్లెవంటయిండ్లలో కట్టెపొయ్యి చాలవరకు వెనుకకు జరిగినది. స్త్రీల కన్నులకు, గుండెలకు దానివలన కలిగిన మేలు మాటలతో చెప్పదగినది కాదు. నెగడు మాత్రము నిలిచినది. గ్యాసుపొయ్యి చుట్టు ఎవరును గుంపుగా కూర్చుండరు.

పొద్దెక్కి అందరు పనులకు లేచిపోయిన పిమ్మట వాకిట మిగులునది బూడిద. పొడికట్టె బరువులో అది నూటికి ఒకటి రెండు పాళ్లకు మించదు. అందు సున్నము, పొటాసియము లవణములు ఉండును గనుక అంట్లు తోముటకు, విత్తనములకు పురుగు పట్టకుండ చల్లుటకు, పాదులలో వేయుటకు పనికివచ్చును. ఇరువది కిలోల కట్టె వేసిన చోట ఇంత కొద్ది మిగులుటకు కారణమును వెదకుచు పోయినచో బెల్జియము దేశపు వాన్ హెల్మాంట్ చేసిన ప్రయోగము తటస్థించును. ఆయన 200 పౌన్ల ఎండుమన్ను తొట్టిలో పోసి, 5 పౌన్ల నీరువంజి మొక్క నాటి, అయిదేండ్లు నీరుమాత్రమే పోసి పెంచి, పిమ్మట తూచి చూడగా చెట్టు 169 పౌన్లు తూగెను. మన్ను రెండు ఔన్సులే తగ్గెను. ఆయన మరణానంతరము 1648లో వెలువడిన గ్రంథములో, చెట్టంతయు నీటితోనే ఏర్పడినదని వ్రాసియున్నది. అది సగము సత్యము. చెట్టు గాలిలోని బొగ్గుపులుసుగాలినుండి తన కర్బనమును గ్రహించునని తేలుటకు మరి నూటయేబది యేండ్లు పట్టినది. జెనీవా శాస్త్రజ్ఞుడు నికొలాస్ థియొడోర్ ద సొస్యూర్ 1804లో నీరును గాలియు రెండును కట్టెలో చేరుచున్నవని తూకములతో స్థిరపరచెను. మన్నునుండి చెట్టు గైకొన్నదే బూడిదగా మిగిలినది. తక్కినది ఎక్కడినుండి వచ్చినదో అక్కడికే పోయినది. చిల్లచెట్టు నరికిన మోడునుండియే మరల చిగుర్చును. ఈ మార్గశిరమున కట్టె కాల్చుకొన్నవాడు మోడును పెరికివేయక విడిచియున్నచో, మూడు నాలుగేండ్లకు మచ్చుకత్తి పట్టుకొని మరల ఆ మోడువద్దకే పోవచ్చును.